'గోడ్' కాదు 'వెంట్' ఎందుకయింది?

మిర్యాలగూడలోనో కోదాడలోనో సాయంత్రం స్టడీ అవర్ వేళ ఏ బడి దగ్గర నిలబడినా వినిపిస్తుంది: గో-వెంట్-గాన్, సింగ్-శాంగ్-సంగ్, కట్-కట్-కట్. 'ప్లే'కి 'ప్లేడ్' అయితే 'గో'కి 'గోడ్' ఎందుకు కాదని ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. అదంతే, బట్టీ పట్టు అంటాం. కానీ ఆ ప్రశ్నకు జవాబుంది.

ఇంగ్లీషు పుట్టిన పాత జెర్మానిక్ భాషలో చాలా క్రియలకు లోపలి అచ్చు మారితే కాలం మారేది. సింగ్-శాంగ్, రైడ్-రోడ్ ఆ పద్ధతివే. చివర 'డ్', 'ట్' తగిలించడం తర్వాత వచ్చింది. జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ మొదటి రకాన్ని బలమైన క్రియలనీ, రెండో రకాన్ని బలహీన క్రియలనీ అన్నాడు. చివరికి బలహీనమన్నవే గెలిచాయి. 'హెల్ప్'కి ఒకప్పుడు 'హోల్ప్' అనేవారు, ఇప్పుడు 'హెల్ప్‌డ్'.

'హిట్', 'సెట్' మారకపోవడానికి కారణం తేలిక. చివర ఎలాగూ 'ట్' ఉంది, ప్రత్యయం అందులోనే కలిసిపోయింది. 'కీప్'కి 'ట్' చేరగానే దీర్ఘం హ్రస్వమై 'కెప్ట్' అయింది. ఇక 'వెంట్' అసలు 'గో'ది కానే కాదు. అది 'వెండ్' అనే వేరే క్రియది: సెండ్-సెంట్ లాగే వెండ్-వెంట్. 'గో' సొంత భూతకాల రూపం వాడుక తప్పి, సుమారు 15వ శతాబ్దానికి దాని చోటును ఇది ఆక్రమించింది.

2007లో హార్వర్డ్ పరిశోధకులు పాత ఇంగ్లీషులోని 177 క్రమం తప్పిన (ఇర్రెగ్యులర్) క్రియల జాడ తీస్తే, నేటికీ అలాగే ఉన్నవి 98. ఎక్కువగా వాడేవే నిలిచాయి. సాగర్ నీళ్లలో లోయంతా మునిగినా నాగార్జునకొండ దీవిగా మిగిలినట్టు, 'గో', 'కమ్', 'ఈట్' లాంటివి మిగిలాయి.

మన భాషలోనూ అంతే కదా! 'రా' అని పిలుస్తాం, 'వచ్చిండు' అని చెబుతాం. రెంటికీ ఒక్క అక్షరం కలవదు. అయినా ఏ పిల్లా తడబడదు, రోజూ వింటుంది కాబట్టి.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోకి ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలే అక్కడ ఎక్కువ. సార్లకూ మేడాలకూ ఒక మనవి: ఈ క్రియల పట్టికను ఏ నుంచి జడ్ దాకా వరసగా అప్పజెప్పించకండి. సింగ్, రింగ్, డ్రింక్ ఒక గుంపుగా, కీప్, స్లీప్, వీప్ ఇంకో గుంపుగా చెప్పండి. నిన్న ఏం తిన్నావు, ఎక్కడికి పోయావు అని రోజూ ఇంగ్లీషులో అడగండి.