64 కిలోబైట్లలో ఒక రాజ్యం

జపనీయుల కటకానా లిపిలో మూలాక్షరాలు 46. పరాయి పేర్లు, వింత పేర్లు రాయాలంటే ఆ లిపే గతి. 1986లో యూజీ హోరీ అనే రచయితకు అందులో దక్కినవి 20 అక్షరాలే. మిగతా వాటి బొమ్మలు దాచేందుకు వీడియో గేమ్ క్యాసెట్‌లో చోటు లేదు. మొత్తం క్యాసెట్‌ పట్టేదే 64 కిలోబైట్లు. రాజ్యం, కోటలు, ఊళ్లు, గుహలు, సంగీతం, ఊరి జనం మాటలు అన్నీ అందులోనే ఇమడాలి. రాక్షసులకు, ఊళ్లకు, మంత్రాలకు ఆ ఇరవై అక్షరాల్లోంచే పేర్లు పుట్టించాడు హోరీ. ఆ ఆట పేరు ‘డ్రాగన్ క్వెస్ట్’. కథ ప్రాణంగా సాగే జపాన్ రోల్ ప్లేయింగ్ గేములకు దారి వేసింది అదే.

హోరీ ఇంజినీరు కాదు. 1954లో అవాజీ ద్వీపంలో పుట్టాడు. టోక్యోలోని వాసెదా విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివాడు. బొమ్మల కథలు గీయాలన్నది కల, పత్రికలకు వ్యాసాలు రాయడం బతుకుదెరువు. ఎన్‌ఈసీ కంపెనీ పీసీ-6001 కంప్యూటరు కొనుక్కుని, ప్రోగ్రాం రాయడం తనంతట తానే నేర్చుకున్నాడు. అదే రోజుల్లో, సొంత ప్రోగ్రామర్లు లేని ఎనిక్స్ అనే కొత్త సంస్థ ఆటలు కావాలంటూ బహుమతుల పోటీ పెట్టింది. హోరీ పంపిన టెన్నిస్ ఆట ఎంపికైంది. కోయిచి నకమురా అనే హైస్కూల్ కుర్రాడి ‘డోర్ డోర్’ కూడా గెలిచింది. తర్వాతి కథంతా ఈ ఇద్దరి చుట్టూ తిరుగుతుంది.

1983లో హోరీ ‘పోర్టోపియా వరుస హత్యల కేసు’ రాశాడు. కోబే నగరంలో ఒక వ్యాపారి శవమై దొరుకుతాడు, పరిశోధించాల్సింది ఆటగాడు. రెండేళ్లకు నకమురా సంస్థ చున్‌సాఫ్ట్ దాన్ని నింటెండో వారి ఫామికామ్ యంత్రానికి మార్చింది. ఆ యంత్రానికి కీబోర్డు లేదు కాబట్టి, మాటలు టైపు చేసే పద్ధతి పోయి, ‘అడుగు’, ‘వెతుకు’ లాంటి ఆజ్ఞల పట్టీ వచ్చింది. ఆటగాడు పోలీసు అధికారి. అయినా తాను స్వయంగా ఏమీ చేయడు. సహాయకుడు యసుకు చెబుతాడు, యసు చేసుకొచ్చి ఫలితం చెబుతాడు. చివరికి హంతకుడు ఆ యసూయే! మొదటి నుంచీ మనకు కథ చెబుతున్న గొంతునే అనుమానించాల్సి రావడం అప్పటి పిల్లలకు ఊహించని దెబ్బ. ‘హంతకుడు యసూయే’ అన్న మాట జపాన్‌లో ఆ ఆట ఆడనివాళ్లకు కూడా తెలుసు. హిదెయో కొజిమా కూడా, తర్వాత ‘మెటల్ గేర్’ ఆటల సృష్టికర్తగా పేరు తెచ్చుకుని, తనను ఈ రంగం వైపు తిప్పిన వాటిలో ‘పోర్టోపియా’ను చేర్చాడు.

1983లోనే హోరీ, నకమురా అమెరికా వెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ కంప్యూటర్ల ప్రదర్శనలో ‘విజార్డ్రీ’ ఆట వాళ్ల కంటపడింది. నేలమాళిగల చీకట్లో తిరగడం, రాక్షసులతో తలపడి అనుభవం పోగేసుకోవడం దాని తీరు. ‘అల్టిమా’ కూడా వాళ్లను అంతే పట్టి లాగింది. కానీ ఆ ఆటలు కష్టమైనవి. మందపాటి పుస్తకం ముందేసుకుని, పటాలు గీసుకుంటూ ఆడే పెద్దలవి. ఫామికామ్ ముందు కూర్చునేది బడిపిల్లలు. వాళ్లకు ఇదంతా ఎలా నేర్పడం?

దానికి హోరీ ఇచ్చిన జవాబు ‘డ్రాగన్ క్వెస్ట్’ మొదటి గదిలో ఉంది. ఆట రాజు కొలువులో మొదలవుతుంది. తలుపుకు తాళం. గదిలో మూడు పెట్టెలు: ఒకదాంట్లో 120 బంగారు నాణేలు, ఒకదాంట్లో కాగడా, ఒకదాంట్లో తాళంచెవి. పెట్టె తెరవడం, తలుపు తీయడం, మెట్లు దిగడం... అన్నీ చేస్తే తప్ప గది దాటలేం. గది దాటేసరికి ఆటకు కావాల్సిన ముఖ్యమైన పనులు పిల్లాడికి వచ్చేస్తాయి. పాఠం చెబుతున్నట్టు ఎక్కడా ఉండదు. ఇంత నేర్పుగా నేర్పిన మొదటి గది ఆ కాలపు ఆటల్లో అరుదు.

కోట బయటికి అడుగు పెట్టగానే నీళ్లకు అవతల శత్రువైన రాక్షసరాజు కోట కనిపిస్తుంది. గమ్యం కళ్లెదుటే ఉంది. వెళ్లే దారి మాత్రం లోకమంతా చుట్టి రావాలి.

ఆ తిరుగుడులోనే హోరీ కథనం దాగుంది. సుదీర్ఘ ఉపన్యాసాలకు జాగా లేదు. ఊళ్లో ఒకరు ఒక ముక్క చెబుతారు, మరో ఊళ్లో ఇంకొకరు ఇంకో ముక్క చెబుతారు. దూరాన ఉన్న మెల్కిడో పట్నంలో ఒక ముసలాయన, రాజు కోట నుంచి దక్షిణంగా 70, తూర్పుగా 40 కొలతల దూరంలో పవిత్రచిహ్నం ఉందన్న ఆనవాలు ఇస్తాడు. కోటకు ఎంత దూరంలో ఉన్నామో తెలిసేదెలా? డ్రాగన్ చెర నుంచి విడిపించిన రాకుమారి లోరా తన ప్రేమకు గుర్తుగా ఇచ్చిన కానుకను అడిగితే అది చెబుతుంది. చూడబోతే అలంకారంలా అనిపించే ప్రేమకథ దారి చూపే పరికరమైంది. ఈ రెండు ముక్కలనూ కలిపేది ఆటగాడి బుర్రే. కథ వింటున్నవాడు కాస్తా కథ అల్లేవాడవుతాడు. హోరీ గొప్పతనం ఇక్కడుంది. చోటు చాలక వదిలేసిన ఖాళీలన్నీ పిల్లల ఊహకు అప్పగించాడు.

కథానాయకుడు నోరెత్తి మాట్లాడడు. అతనికి ఆటగాడే పేరు పెట్టాలి, అదీ నాలుగు అక్షరాల్లోపు. ఆ పేరును బట్టే అతని బలం పెరిగే తీరు మారుతుంది. చివర్లో రాక్షసరాజు, తన పక్షానికి వస్తే సగం లోకం ఇస్తానని ఆశ పెడతాడు. సరేనంటే ఆట అక్కడితో సరి.

బొమ్మలు గీసింది అకిరా తొరియామా. ‘డ్రాగన్ బాల్ జడ్’ టీవీలో చూసి పెరిగిన తెలుగు పిల్లలకు ఆ చేతి గీత పరిచయమే. తొరియామాను హోరీకి కలిపింది ‘షోనెన్ జంప్’ వారపత్రిక సంపాదకుడు కజుహికో తొరిషిమా. హోరీ జిగురుముద్దలా గీసి ఇచ్చిన స్లైమ్ అనే బుల్లి రాక్షసిని తొరియామా నవ్వుమొహం నీటిబొట్టుగా మార్చేశాడు. ఇవాళ అది ఆ ఆటల ముద్ర. సంగీతం కోయిచి సుగియామాది. అప్పటికే యాభై దాటిన పేరున్న స్వరకర్త. ఎనిక్స్ వారి షోగి (జపాన్ చదరంగం) ఆట మీద ఆయన అభిప్రాయం రాసిన కార్డు ఆ ఆఫీసుకు చేరింది. పేరు చూసి ఉలిక్కిపడిన ఉద్యోగులు వెతుక్కుంటూ వెళ్లారు. ఒకేసారి మూడు రాగస్వరాలకు మించి పలకలేని చిప్ మీద ఆయన రాజదర్బారు సంగీతం పలికించాడు.

1986 మే 27న ఆట విడుదలైంది. మొదట్లో అమ్మకాలు మందకొడిగానే సాగాయి. ‘జంప్’లో హోరీ స్వయంగా రాసిన శీర్షిక, నోటి మాట కలిసి దాన్ని లేపాయి.

ఆట ఆపి మర్నాడు కొనసాగించాలంటే ‘పునరుజ్జీవన మంత్రం’ రాసుకోవాలి. అది మరో జపాన్ లిపి హిరగానాలో 20 అక్షరాల సంకేతం. 5, 7, 5, 3 అక్షరాల పాదాలుగా తెరమీద కనిపిస్తుంది. మసక టీవీలో ఒక్క అక్షరం తప్పు చదివినా రోజంతా పడ్డ శ్రమ గంగలో కలిసినట్టే. 1987లో వచ్చిన రెండో భాగంలో ఆ మంత్రం 52 అక్షరాల దాకా సాగింది. మూడో భాగానికి క్యాసెట్‌లో బ్యాటరీ చేరాక ఈ అవస్థ తప్పింది.

ఆ మూడో భాగం విడుదలైన 1988 ఫిబ్రవరి 10 బుధవారం. దుకాణాల ముందు తెల్లవారకముందే బారులు. మొదటి రోజే పది లక్షలకు పైగా క్యాసెట్లు చెల్లిపోయాయి. బడి ఎగ్గొట్టి వరసలో నిలబడ్డ పిల్లలను పోలీసులు పట్టుకున్నారు, కొన్న పిల్లల చేతుల్లోంచి క్యాసెట్లు లాక్కున్న ఘటనలూ జరిగాయి. పనిరోజుల్లో ఈ ఆట విడుదల చేయకూడదని జపాన్ చట్టం తెచ్చిందని ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అలాంటి చట్టమేదీ లేదు. నాలుగో భాగాన్ని మాత్రం 1990లో ఆదివారం నాడే తెచ్చారు.

ఈలోగా దారి విశాలమైంది. 1987 డిసెంబరులో హిరొనొబు సకగుచి ‘ఫైనల్ ఫాంటసీ’ వచ్చింది. 1989లో షిగెసతో ఇతోయి అనే ప్రకటనల రచయిత, కత్తులూ కోటలూ వదిలేసి, బేస్‌బాల్ బ్యాటు పట్టుకున్న కుర్రాడితో ‘మదర్’ కథ నడిపాడు. 1995లో తైవాన్‌లో సాఫ్ట్‌స్టార్ సంస్థ నుంచి యావ్ జువాంగ్‌షియెన్ ‘షియెన్‌జియెన్ ఛీషియా జువాన్’ తెచ్చాడు. సత్రంలో పనిచేసే కుర్రాడు ఖడ్గవీరుడై, చివరికి ప్రేమించిన అమ్మాయిని పోగొట్టుకునే కథ అది. చైనా నేలమీద ఒక తరమంతా దాన్ని గుండెకు హత్తుకుంది. 2005లో టీవీ సీరియల్ కూడా అయింది.

సుగియామా స్వరాలు 1987లోనే ఆర్కెస్ట్రా కచేరీ వేదిక ఎక్కాయి. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశాల కవాతు ‘డ్రాగన్ క్వెస్ట్’ ఆరంభగీతంతోనే మొదలైంది. ఆ సెప్టెంబరు 30న సుగియామా కన్నుమూశారు. తొరియామా 2024 మార్చిలో వెళ్లిపోయారు. తొలి ఆట 35వ పుట్టినరోజున ప్రకటించిన పన్నెండో భాగానికి కూడా సారథి హోరీయే.