మందు పట్టుచోటు

పొలముగట్టు తగవు వచ్చినపుడు పూర్వము కరణము వ్రాసిన లెక్క తీసి చూచుట పెద్దలకుఁ దెలియని సంగతి కాదు. ఆ లెక్క లేకున్న ఎవని మాట వానిదే. ప్రోటీనులకును అట్టి లెక్క యొకటి లోకములోఁ గలదు. దాని చరిత్రమే నేఁటి ప్రసంగము.

ప్రోటీననఁగా పరమాణువులు వేలకొలఁది గొలుసుగాఁ జేరి, ముడుచుకొని, ఉండకట్టిన పదార్థము. రక్తమునకు ఎఱుపు నిచ్చునదియు, అన్నము నరిగించునదియు ప్రోటీనులే. ఆ యుండమీఁద గుంటలు, చీలికలు నుండును. పెక్కు మందులు అట్టి గుంటలో తాళపుచెవివలె నిమిడినపుడే పనిచేయును. ఆ గుంటను జూచుటకు ప్రోటీనును స్ఫటికముగాఁ జేసి, ఎక్స్‌కిరణములు ప్రసరింపఁజేసి, అవి చెదరిన తీరునుబట్టి పరమాణువుల స్థానములు గణింపవలెను. కేంబ్రిడ్జిలో మాక్సు పెరుట్జు 1937లో హెమోగ్లోబినుతో మొదలిడఁగా ఇరువదేండ్లకు పైగాఁ బట్టినది. సహచరుఁడు జాన్ కెండ్రూ 1958లో తిమింగిలపు కండరమందలి మయోగ్లోబిను రూపమును ముందుగాఁ జూపెను.

ఇంత శ్రమతో దొరకిన అంకెలు ఆయా పండితుల పెట్టెలలోనే పడియుండెడివి. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో వాల్టరు హామిల్టన్, కేంబ్రిడ్జివారి తోడ్పాటుతో, ప్రోటీను డేటా బ్యాంకు నెలకొల్పెను. నాఁడందున్నవి ఏడు రూపములు మాత్రమే. పరమాణువున కొక రంధ్రముల అట్ట చొప్పున మయోగ్లోబిను ఒక్కదానికే వేయి యట్టలు మించెను. 1973లో హామిల్టన్ చిన్నవయసుననే మరణించినను పని యాగలేదు. యంత్రములకన్న మనుష్యులే ఎక్కువ కష్టపెట్టిరి. పత్రికలలోఁ గీర్తి పొంది అంకెలు దాఁచుకొన్నవారు కలరు. ఇతరులు పరీక్షింపలేని ఫలితము నెట్లు నమ్ముదుమని తోటి శాస్త్రజ్ఞులే పట్టుపట్టిరి. 1989లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘము, రూపమును ప్రకటించినవారు అంకెలు సమర్పింపవలెనని విధించెను. అప్పటికిని ఒక యేఁడు గోప్యముగా నుంచుకొన వీలిచ్చెను! నా యెఱుకలో ఆ నియమము గొప్ప మందులకుఁ దీసిపోని మేలు చేసినది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు ఫోలికామ్లమునకు ఎదురు నిలుచు మందులను చేయించిరి. వానిలో అమినోప్టెరినును 1947లో బోస్టను వైద్యుఁడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరుగల పిల్లల కిచ్చెను. కొందఱికి కొంతకాలము నెమ్మదించినది. దాని తోఁబుట్టువగు మెథోట్రెక్సేటును క్యాన్సరునకే గాక కీళ్లవాతమునకును నేఁడు వాడుచున్నారు. మీలో కొందఱు వారమున కొకసారి మ్రింగునది అదియే కావచ్చును. అది గుంటలో నిమిడిన తీరును సుబ్బారావుగారు చూడలేదు, 1948లోనే కన్నుమూసిరి. 1977లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవి ప్రోటీనులో ఆ మందు కూర్చున్న చోటును ప్రకటించిరి.

పిదప వరుస తాఱుమాఱైనది. ముందు గుంట, తరువాత మందు. 1989లో ఎయిడ్సు వైరసు ప్రోటియేసు రూపము తెలియఁగా, దాని గుంటకుఁ దగిన మందులు 1995 మొదలు రోగులకు అందినవి. ఏ పదార్థము ఏ గుంటను ఎంత బిగువుగాఁ బట్టునో కొలతలతోఁ గూడిన పీడీబీబైండ్ పట్టికను 2004లో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు వెలువరించిరి. ఏడింటితో మొదలైన బ్యాంకులో 2023 నాఁటికి రెండు లక్షలు దాటినవి. చూచుటకు రుసుము లేదు. భీమవరపు విద్యార్థియు ఇంటఁ గూర్చుండి, సుబ్బారావుగారు చూడని ఆ గుంటను త్రిప్పి త్రిప్పి చూచుకొనవచ్చును.