పాత ఫోన్‌లో యాప్ పనిచేయకపోతే రైతులు ఏం చేయాలి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత రైతులు పాత ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతుంటే ఈ విషయాలు గమనించాలి. ఫోన్ బాగానే ఉన్నా, యాప్ కొత్త వెర్షన్లు పాత ఆండ్రాయిడ్‌లో నడవకపోవచ్చు. ఆండ్రాయిడ్ 4.4, అంతకంటే పాత ఫోన్లలో 2025 జనవరి 1 నుంచి వాట్సాప్ ఆగిపోయింది.

• సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ చూసుకోండి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చి ఉంటే చేసుకోండి.

• ప్లే స్టోర్‌లో యాప్ దిగకపోతే, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు వేసుకోవద్దు. పీఎం కిసాన్ పేరుతో నకిలీ ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

• పీఎం కిసాన్ ఈకేవైసీలో ముఖ గుర్తింపుకు మాత్రమే యాప్ కావాలి. వెబ్‌సైట్‌లో ఓటీపీతో గానీ, సీఎస్‌సీలో వేలిముద్రతో గానీ పూర్తి చేయవచ్చు.

• ఈ-పంట నమోదును రైతు సేవా కేంద్రం సిబ్బందే చేస్తారు. వేరుశనగ విత్తాక వారిని కలిసి నమోదు చేయించుకోండి.

• పంట సలహాలకు బటన్ ఫోన్ నుంచైనా 1800-180-1551కి ఉచితంగా మాట్లాడవచ్చు.

ఫోన్ మార్చినా ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన సిమ్ నంబరు వదులుకోవద్దు. ఓటీపీ దానికే వస్తుంది.