మన ఇండ్ల నల్లరాయి

మారిషస్ అగ్నిపర్వతముల వలన పుట్టిన ద్వీపము. లావా చల్లారి గట్టిపడిన నల్లని బసాల్టు రాయి ఇక్కడి పొలములలో, ఏటి ఒడ్డున, ఇంటి పెరటిలో అంతటను కనిపించును. నేడు మనలో కొందరు ఇల్లు బాగుచేయించునప్పుడు ఆ రాయినే పలకలుగా కోయించి ముందుగోడకు అతికించుచున్నారు. ఇంటికి అందము వచ్చును, విలువ పెరుగును అని వారి ఆశ. ఆ ఆశ తప్పు కాదు. అయితే అదే చేతితో పెరటిలోని పాత రాతిగోడను పడగొట్టించుటయో, దానిపై సిమెంటు పూయించుటయో జరుగుచున్నది. ఆ గోడ ఎవరు కట్టినదో తెలిసికొన్న తరువాతనే మేస్త్రీని పిలువవలెనని మా మనవి.

ఈ ద్వీపములో 1835లో బానిసత్వము రద్దయినది. చెరకు తోటల పనికి 1834 మొదలు 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది ఒప్పంద కూలీలను తెచ్చినారు. మన పెద్దలలో అనేకులు గోదావరి సముద్రములో కలియు చోటికి చేరువనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కినారు. అందుచేతనే తెలుగువారికి ఇక్కడ 'కోరంగీలు' అను పేరు వచ్చినది. పోర్ట్ లూయీలో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ కట్టడము 1849లో మొదలైనది. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. వారు ఎక్కి వచ్చిన ఆ మెట్లును నల్లరాతివే.

చెరకు నాటవలెనన్న ముందు నేలలోని రాళ్లు ఏరవలెను. బానిసలు మొదలుపెట్టిన ఆ పనిని వారి తరువాత మన ముత్తాతలు, ముత్తవ్వలు కొనసాగించినారు. ఏరిన రాళ్ల కుప్పలు నేటికిని చెరకు తోటల నడుమ నిలిచియున్నవి. 1880 తరువాత తోటల యజమానులు భూమిని ముక్కలు చేసి అమ్మసాగినారు. కూలిడబ్బు కూడబెట్టి కొన్నవారికి తరచుగా దక్కినది రాళ్లు నిండిన నేలయే. ఆ రాళ్లనే తీసి హద్దుగోడగా, ఇంటి అరుగుగా, మెట్లుగా పేర్చుకొన్నారు. ఇంటి గోడలు మట్టివి, పైకప్పు గడ్డిది. 1960లో అలిక్స్, కెరోల్ తుఫానులు వచ్చిన తరువాత కాంక్రీటు ఇండ్లు పెరిగినవి. నేటి కాంక్రీటు దిమ్మెలలో కలియునదియు ఈ రాయిని పిండిచేసిన పొడియే.

ఇక పని సంగతి. పాత గోడలలో కొన్ని సున్నము లేకుండ పేర్చినవి. కొన్నిటికి పగడపు రాయిని కాల్చిన సున్నము వాడినారు. సున్నము తేమను బయటికి విడుచును. సిమెంటు పూత దానిని లోపల బంధించును. కొంత కాలమునకు పూత ఉబ్బి రాలును. కావున పాచిని నీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి, అతుకులను సున్నముతోనే నింపించుట మేలు. రంగు ఖర్చు కూడ ఉండదు.

కొత్త పలకలు అతికించువారు బరువు చూచుకొనవలెను. ఘనమీటరు బసాల్టు సుమారు 3 టన్నులు తూగును. 3 సెంటీమీటర్ల మందపు పలక చదరపు మీటరుకు 90 కిలోలు. జిగురును మాత్రమే నమ్మక, లోహపు కొక్కెములు వేయించవలెను.

వంటగది బల్లకు మన పూర్వీకుల నేల రాయి కావలెనన్నను దొరకును. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీయు, మెరుపుచుక్కల నల్ల గ్రానైటు దేశదేశములకు పోవుచున్నది. కడపరాయి చవక. కాని అది సున్నపురాయి గనుక నిమ్మరసము, చింతపులుసు పడిన చోట మెరుపు పోవును.

డబ్బున్నచో ఈ పలకలను ఎప్పుడైనను కొనవచ్చును. పెద్దలు చేతులతో ఏరి పేర్చిన గోడను మరల కొనలేము. పడగొట్టక తప్పదన్నచో, ముందు దాని ఫోటో తీయుడు. ఇంటిలోని పెద్దలను అడిగి, ఆ నేల ఎవరు, ఏ సంవత్సరమున కొన్నారో వ్రాసి, భూమి కాగితములతో పాటు పిల్లలకు అందించుడు. ఆ రాళ్లను పారవేయక కొత్త ఇంటి మెట్లకైనను వాడుడు.