కృష్ణ అవతలి డకోటా

మాచర్ల డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయినవాడి అల్మరాలో విమానం బొమ్మ ఏమిటని ఇంటికొచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఆర్టీసీ బస్సుకీ దానికీ చుట్టరికం ఉందంటే నవ్వుతారు.

అది డకోటా, డగ్లస్ డీసీ-3. కరిగించిన జింక్ లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోసిన డై-కాస్ట్ బొమ్మ. అసలుకి 200వ వంతు. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 95 అడుగులు, బొమ్మవి జానెడైనా లేవు. అలవాటు ప్రాణం కదా, నా చూపు ముందు ఇంజన్ మీదికే పోతుంది. భూతద్దం పెడితే ప్రొపెల్లర్ వెనక సిలిండర్లు గుండ్రంగా పేర్చినట్టు కనపడతాయి. ముందు వరసలో ఏడు, వాటి చాటున ఇంకో ఏడు. రేడియేటర్ లేదు, గాలికే చల్లబడుతుంది. మే నెలలో బానెట్ ఎత్తి బిందెలతో నీళ్లు పోసినవాణ్ణి, ఆ సుఖం విలువ నాకు తెలుసు. మూడో చక్రం తోక కింద ఉంటుంది. అందుకే నేల మీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది, ముందు సీటు దొరికినవాడు లోపల ఎగువకు నడవాల్సిందే.

ఇక చుట్టరికం. 1932లో నైజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలెట్టారు. అదే పెరిగి, చేతులు మారి, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. 1945లో బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టినప్పుడు టాటాలతో పాటు ఆ రైల్వేకీ అందులో వాటా ఉంది. రైలు, బస్సు, విమానం ఒకే ఇంటి పిల్లలన్నమాట. మా పల్నాడు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. పొందుగల దగ్గర కృష్ణ దాటితే వాడపల్లి, అక్కణ్ణుంచి నైజాం.

డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు యుద్ధం మిగిల్చిన సరుకు. అమెరికా సైన్యం వదిలేసినవాటిని బెంగుళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో విప్పి, బాగుచేసి, సీట్లు బిగించారు, లారీ చాసిస్ మీద బస్సు బాడీ కట్టినట్టు.

డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు చెబితే నేను తలుచుకునేది ప్రేమ్ మాథుర్‌ని. ఎనిమిది కంపెనీలు ఆడమనిషని కాదన్నాక, 1947లో ఈ కంపెనీ ఆమెను పైలట్‌గా తీసుకుంది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆవిడే. ఆర్టీసీలో ఆడ కండక్టరు టికెట్ కొట్టడం చూడ్డానికి మేం ఆ తర్వాత ఎన్నేళ్లు ఆగాల్సొచ్చిందో!

1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. విమానం ఢిల్లీ పాలయింది, బస్సు మనకు మిగిలింది. పంపకాల్లో మనకే మంచి వాటా వచ్చిందంటాను నేను. కారెంపూడి వీరుల తిరునాళ్లకు డకోటా స్పెషల్ సర్వీసులు నడిపేదా?