పాత ఫైలు, కొత్త తేదీ

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పింఛను గురించో సర్వీసు రూల్స్ గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను మాత్రం పాత నవ్వుల సినిమాల చరిత్ర రాస్తున్నాను. తిరిగి తిరిగి ఇదీ మన సర్వీసు సంగతికే వస్తుంది గనుక మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

కిందటి వేసవి సెలవుల్లో మా మనవడూ నేనూ లారెల్, హార్డీల ‘ది మ్యూజిక్ బాక్స్’ చూశాం. వందకు పైగా మెట్లున్న గట్టు మీదికి ఇద్దరూ పియానో ఎక్కించబోతారు. అది జారి కిందికి వస్తూనే ఉంటుంది. వాడు పడీపడీ నవ్వాడు. మరునాడు ‘త్రీ స్టూజెస్’ చిత్రం ఒకటి పెట్టాను. అందులోనూ మెట్లే. పియానోకి బదులు ఐసు దిమ్మ. పైకి చేరేసరికి కరిగి చిన్న ముక్క మిగులుతుంది. "తాతయ్యా, ఇది నిన్నటిదే! వీళ్ళు కాపీ కొట్టారు" అన్నాడు వాడు.

వాడన్నది నిజమే కాని సగం నిజం. 1932లో వచ్చి ఆస్కారు బహుమతి పొందిన ‘ది మ్యూజిక్ బాక్స్’ కూడా కొత్తదేమీ కాదు. అదే జంట 1927లో, లాస్ ఏంజిలిస్‌లోని అవే మెట్ల మీద, బట్టలుతికే యంత్రాన్ని మోస్తూ ‘హ్యాట్స్ ఆఫ్’ అనే మూకీ చిత్రం చేసింది. దాని ప్రతి ఒక్కటీ నేడు దొరకడం లేదు. స్టూజెస్ ఐసు దిమ్మ 1941 నాటిది. 1945లో ‘హ్యాట్స్ ఆఫ్’ దర్శకుడే మరో నటుడితో ఆ ఉతికే యంత్రాన్ని మళ్ళీ మెట్లెక్కించాడు.

ఇలాంటి హాస్య ఘట్టాన్ని అక్కడివాళ్ళు ‘గ్యాగ్’ అంటారు. గ్యాగ్‌లు మళ్ళీ వాడుకోవడం సినిమా పుట్టినప్పటినుంచీ ఉంది. 1895లో పారిస్‌లో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన చిత్రాల్లో, తోటమాలి నీళ్ళ గొట్టాన్ని ఒక కుర్రవాడు తొక్కిపట్టేది ఒకటి. నీళ్ళెందుకు రావడం లేదా అని తోటమాలి గొట్టంలోకి చూస్తాడు. కుర్రవాడు కాలు తీస్తాడు. మరుసటి ఏడే మెలియేస్ అదే ఘట్టాన్ని తీశాడు.

అప్పటి పొట్టి చిత్రం రెండు రీళ్ళు, సుమారు ఇరవై నిమిషాలు. ఊళ్ళోకి వచ్చి కొద్దిరోజులాడి వెళ్ళిపోయేది. తిరిగి చూసే వీలు లేదు. జీతానికి కుదిరిన రచయితలు గదిలో కూర్చుని గ్యాగ్‌లు అల్లేవారు. గడువు దగ్గరపడితే పాతదే గుర్తొచ్చేది. 1958లో స్టూజెస్ చిత్రాలు అమెరికా టెలివిజన్‌లో వరసగా రావడం మొదలయ్యాక, పాతదేదో కొత్తదేదో ఇంట్లో కూర్చున్న పిల్లలు కూడా పోల్చుకోగలిగారు.

అయితే వాడుకోవడంలో రెండు రకాలున్నాయి. బస్టర్ కీటన్ కథ చూడండి. 1919లో ‘బ్యాక్ స్టేజ్’లో నాటకం సెట్టు గోడ మనిషి మీద పడుతుంది. అతడు సరిగ్గా కిటికీ ఖాళీలో మిగులుతాడు. 1920లో ‘వన్ వీక్’లో అది ఇంటి గోడ అయింది. 1928లో, ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ అనే పెద్ద చిత్రంలో, తుపానులో నిజమైన బరువుతో ఇంటి ముఖభాగమే కూలింది. కీటన్‌కూ కిటికీ చట్రానికీ మధ్య కొద్ది అంగుళాలే. గ్యాగ్ ఒకటే, ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కింది.

రెండో రకం 1950లలో కొలంబియా కంపెనీది. ఖర్చు తగ్గించడానికి పాత స్టూజెస్ చిత్రాల ముక్కలనే కొత్తవాటిలో అతికించారు. 1955లో వారిలో ఒకరైన షెంప్ చనిపోయాక, ఇంకొకరిని వీపు తిప్పి నిలబెట్టి, పాత ముక్కలు కలిపి, షెంప్ పేరుతోనే నాలుగు చిత్రాలు విడుదల చేశారు.

ఈ రెంటి మధ్యా నలిగినవాడు క్లైడ్ బ్రక్‌మన్. కీటన్‌తో కలిసి ‘ది జనరల్’ (1926) తీసినవాడు. హెరాల్డ్ లాయిడ్ నటించిన ‘మూవీ క్రేజీ’ (1932)కి దర్శకుడు. అందులో కథానాయకుడు పొరపాటున ఇంద్రజాలికుడి కోటు తొడుక్కుని విందుకు వెళతాడు. కోటులోంచి పావురాలూ ఎలుకలూ బయటపడతాయి. తర్వాత తాగుడు వల్ల బ్రక్‌మన్‌కు దర్శకత్వం చేజారింది. రచయితగా మిగిలాడు. ఆ కోటును 1942లో స్టూజెస్‌కు తొడిగాడు. 1943లో యూనివర్సల్ కంపెనీ చిత్రంలో మళ్ళీ తొడిగాడు. లాయిడ్ దావా వేశాడు. అతని సంస్థకు యూనివర్సల్ 40,000 డాలర్లు చెల్లించాలన్న తీర్పును 1947లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. బ్రక్‌మన్‌ను పనిలోకి పిలవడానికి కంపెనీలు జంకాయి. 1955లో, అరవయ్యేళ్ళ వయసులో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు.

లాయిడ్‌ను తప్పుపట్టలేం. డబ్బు పెట్టి తీసిన చిత్రం అతని సంస్థది. జీతం తీసుకుని చేసిన పని యజమానిదే అవుతుందని మనకంటే తెలిసినవారెవరు? కాని ఆ కోటును నడిపించిన మనిషికి దాని మీద ఏ హక్కూ లేకపోవడం నన్ను బాధపెడుతుంది.

నేను గుమాస్తాగా చేరిన కొత్తలో, బడ్జెట్ నోట్ రాయమంటే కిందటేటిది తీసి, తేదీ మార్చి పైకి పంపాను. నాలుగో పేరాలో ‘నూతన భవనం నిర్మాణంలో ఉన్నది’ అని ఉంది. ఆఫీసరుగారు ఎర్రసిరాతో గీత గీసి, ‘ప్రస్తుతం మనం కూర్చున్నది ఎక్కడ?’ అని రాశారు. ఆ రోజునుంచి పాత ఫైలు తీసినప్పుడల్లా చదివి, దిద్ది, ఏదో ఒకటి చేర్చి మరీ పంపాను.

రెండేళ్ళ క్రితం లైఫ్ సర్టిఫికెట్ పనిమీద వెళ్ళి, దారిలో మా పాత సెక్షన్‌లోకి తొంగిచూశాను. బల్లమీద ఉన్న నోట్‌లో వాక్యాలు నావే. కింద సంతకం ఎవరిదో. కాసేపు మనసు చివుక్కుమంది. ఆ అబ్బాయి నాకు తెలియని ఒక లెక్క అందులో చేర్చాడని చూశాక తేలికపడింది. బయటికొచ్చి టీ తాగాను.

మనవడు వచ్చే సెలవులకు మళ్ళీ వస్తాడు. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు వాడు చకచకా ముందుకు జరిపేస్తుంటాడు. ఈసారి జరపనివ్వను. రచయిత ఎవరో పైకి చదివించి, ఆ తర్వాతే బొమ్మ.