రెండు సూర్యోదయాల దూరం

పెర్త్ నుంచి శ్రీలంకకు ఎంత దూరం? మొన్నొక రాత్రి నిద్రపట్టక కాగితం ముందేసుకుని లెక్క కట్టాను. పటం మీద స్కేలు పెడితే లెక్క తప్పుతుంది. గోళం మీద దారం బిగించి పట్టుకోవాలి. రెండు చోట్ల అక్షాంశాలూ, రేఖాంశాల మధ్య తేడా తెలిస్తే భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం దొరుకుతుంది. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని పెర్త్‌కూ, గాలె దగ్గరి కొగ్గల సరస్సుకూ మధ్య అది 51 డిగ్రీలకు కాస్త తక్కువ. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 5,650 కిలోమీటర్లు.

విమానాశ్రయం ఉండగా సరస్సు ఎందుకంటారా? నేను లెక్కిస్తున్నది 1943 నాటి ప్రయాణం. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను వశం కావడంతో ఆస్ట్రేలియా, ఇంగ్లండుల మధ్య విమానమార్గం తెగిపోయింది. దాన్ని తిరిగి అతకడానికి క్వాంటాస్ సంస్థ 1943 జూన్‌లో కాటలీనా నీటివిమానాలను రంగంలోకి దించింది. పెర్త్‌లో స్వాన్ నది మీద లేచి, హిందూ మహాసముద్రం దాటి, కొగ్గలలో నీటి మీదే వాలేవి. ఉత్తరాలు అక్కడినుంచి కరాచీ మీదుగా ఇంగ్లండు చేరేవి.

దూరం లెక్క సులువే. అసలు చిక్కంతా కాలం లెక్కలోనే ఉంది. కాటలీనా గంటకు సుమారు 200 కిలోమీటర్లు పోతుందనుకుందాం. గాలి లేకపోతే 28 గంటల పైచిలుకు. ఎదురుగాలి గంటకు 25 కిలోమీటర్లుంటే (సైకిలు వేగాన్ని కాస్త మించినదే!) 32 గంటలు దాటుతుంది. నేటి జెట్ విమానానికి అదే గాలి తినేది పది పన్నెండు నిమిషాలు. ఆ ప్రయాణాల్లో అతి దీర్ఘమైనది 32 గంటల 9 నిమిషాలు పట్టిందని చదివినప్పుడు నా కాగితం కేసి మరోసారి చూసుకున్నాను.

నడిమధ్యలో దిగే చోటు లేదు. కాబట్టి ఆ నాలుగు గంటలకూ పెట్రోలు ముందే మోయాలి. అదనపు ట్యాంకులు అమర్చి, అవసరం లేని సామగ్రినంతా పీకేశారు. ఇన్ని తీసివేతల తరువాత మిగిలిన శేషం ముగ్గురు ప్రయాణికులు, 69 కిలోల ఉత్తరాలు! యుద్ధకాలంలో ఆ 69 కిలోల కోసం ఎన్ని ఇళ్లు ఎదురుచూశాయో.

జపాను విమానాలు తిరిగే మేర చీకట్లో దాటేలా బయలుదేరే వేళ నిర్ణయించేవారు. శత్రువు పసిగడతాడని రేడియో మూగబోయేది; దారి చూపేవి నక్షత్రాలే. విమానాల పేర్లు కూడా అవే: ఆల్టేర్, వేగా, రీగెల్, ఆంటారెస్, స్పైకా. మన శ్రవణం, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్త అందులో ఉన్నాయని గుర్తుపట్టినప్పుడు ఎందుకో సంతోషం కలిగింది. ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసినవారికి ఆ పేరుతోనే ఒక ప్రశంసాపత్రం ఇచ్చేవారు.

1945 జులై వరకు 271 సార్లు ఆ సముద్రం దాటారు. ఒక్క ప్రాణమూ పోలేదు. యుద్ధం ముగిశాక, అమెరికాతో ఉన్న ఒప్పందం షరతు ప్రకారం, ఆ అయిదు విమానాలనూ సముద్రంలో ముంచివేశారు.